ఫారో దీవులకు ఎలా వెళ్లాలి? వెళ్లాక ఎలా మెలగాలి?

అట్లాంటిక్ మహాసముద్రం ఉత్తర భాగంలో, స్కాట్లాండ్‌కూ నార్వేకూ ఐస్‌లాండ్‌కూ మధ్య 18 దీవులున్నాయి. అన్నీ కలిపితే సుమారు 1,400 చదరపు కిలోమీటర్లు. జనం 55,000 దాకా ఉంటారు. గొర్రెలు మాత్రం 70,000 వరకు ఉన్నాయి. ఆ దేశం పేరుకే 'గొర్రెల దీవులు' అని అర్థం చెబుతారు. డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా 1948 నుంచి స్వపరిపాలన నడుస్తోంది. సొంత భాష, సొంత జెండా, సొంత పార్లమెంటు ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ మకాం వేసిన బ్రిటిష్ సైనికులు ఈ చోటికి 'బహుశా దేశం' అని పేరు పెట్టారు. పడవ వస్తుందా అని అడిగినా, రేపు ఎండ కాస్తుందా అని అడిగినా ఊళ్లోవాళ్లు 'కన్స్కా' అనేవారట. అంటే 'ఏమో, కావచ్చు' అని. ఈ ఒక్క మాట మనసుకు పట్టించుకుని ప్లాన్ వేసుకుంటే ఫారో ప్రయాణం హాయిగా సాగుతుంది. గంటల లెక్కన టైమ్‌టేబుల్ రాసుకుని వెళ్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ముందు వీసా సంగతి

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. డెన్మార్క్‌కు షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఉంది కదా, ఫారోకూ అదే చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. ఫారో దీవులు షెంగెన్‌లో లేవు, యూరోపియన్ యూనియన్‌లోనూ లేవు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు డెన్మార్క్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఫారోకు కూడా వెళ్తున్నామని రాయాలి. వీసా మీద ఫారో దీవులకు చెల్లుతుందన్న మాట విడిగా ఉండాలి. స్టిక్కర్ చేతికి రాగానే ఆ మాట ఉందో లేదో చూసుకోండి. అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్న మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, పాస్‌పోర్ట్ ఇండియాదైతే వీసా కావాల్సిందే. మధ్యలో కోపెన్‌హాగన్ రావడం, పోవడం ఉంటుంది కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ అవసరమేమో దరఖాస్తు రోజే అడిగి తేల్చుకోండి.

కోపెన్‌హాగన్ నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. డెన్మార్క్‌లోని హిర్ట్‌స్‌హాల్స్ రేవు నుంచి పెద్ద ఓడ కూడా ఉంది, దానికి ఒకటిన్నర రోజు పడుతుంది. డబ్బు విషయంలో తికమక లేదు. ఫారో క్రోనా, డెన్మార్క్ క్రోనా విలువ ఒకటే.

ఏ నెలలో వెళ్లాలి?

దీన్ని పక్షులు నిర్ణయిస్తాయి. పఫిన్లనే సముద్రపక్షుల కోసం వెళ్లేవాళ్లు జూన్, జూలై నెలలు పెట్టుకోండి. శీతాకాలమంతా నడిసముద్రంలో గడిపే ఈ పక్షులు ఏప్రిల్‌లో ఒడ్డుకొచ్చి, ఆగస్టు గడిచేలోపు వెళ్లిపోతాయి. సెప్టెంబరులో వెళ్తే ఖాళీ బొరియలు కనిపిస్తాయి.

జూన్‌లో ఇంకో లాభం, వెలుగు. సూర్యుడు రాత్రి 11 దాటాక అస్తమిస్తాడు, తెల్లవారుజామున 4 కాకముందే మళ్లీ వచ్చేస్తాడు. మధ్యలో కూడా పూర్తి చీకటి పడదు. పగలంతా మబ్బు పట్టి, రాత్రి 9 గంటలకు ఆకాశం విచ్చుకుంటే అప్పుడు బయల్దేరినా నడక పూర్తి చేయవచ్చు. డిసెంబరులో పగలు అయిదు గంటలే.

చలి మరీ భయపడేంత ఉండదు. గోరువెచ్చని సముద్ర ప్రవాహం వల్ల శీతాకాలంలో సగటున 3 డిగ్రీలు, వేసవిలో 11 డిగ్రీలు. ఇబ్బంది పెట్టేవి గాలి, వాన. గొడుగు ఇంట్లోనే వదిలేయండి, గాలికి నిలవదు. వాన దిగని జాకెట్, అలాంటిదే ప్యాంటు, చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు కావాలి. మే నెలలో వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2019లో మొదలుపెట్టి, వసంతంలో రెండు మూడు రోజులు ముఖ్యమైన నడకదారులను 'మరమ్మతులకు మూసివేశాం' అని ఆపేసి, బయటి దేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులతో కలిసి బాగుచేసుకుంటున్నారు. ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు.

దీవుల మధ్య తిరగడం

కారు అద్దెకు తీసుకోవడం మేలు. పెద్ద దీవుల మధ్య సముద్రం అడుగున సొరంగాలున్నాయి. 2020లో తెరిచిన ఐస్టురోయ్ సొరంగం 11 కిలోమీటర్ల పైన ఉంటుంది, నీటి మట్టానికి 187 మీటర్ల లోతుకు దిగుతుంది. దాని మధ్యలో, సముద్రం కింద, ఒక రౌండబౌట్ ఉంది! 2023 చివర్లో సాందోయ్ దీవికి కూడా ఇలాంటి సొరంగం వచ్చింది. వీటికి టోల్ ఉంటుంది, అద్దె బిల్లులో కలుస్తుంది. ఉత్తరపు దీవుల్లో పాత సొరంగాలు ఒకే వరసవి, లోపల లైట్లు సరిగా ఉండవు. అలాంటి చోట ఎవరు ఆగాలో ప్రవేశం దగ్గరే బోర్డు ఉంటుంది, చదవకుండా లోపలికి పోవద్దు.

రోడ్డు మీద గొర్రెలు నిశ్చింతగా పడుకుని ఉంటాయి. కారు తగిలి గొర్రెకు ఏమైనా అయితే ఆగి, పోలీసులకు ఫోన్ చేయాలి. ప్రతి గొర్రెకూ ఓ యజమాని ఉంటాడు.

ఊళ్ల మధ్య హెలికాప్టర్లు కూడా తిరుగుతాయి. కానీ అవి మారుమూల దీవుల వాళ్ల కోసం ప్రభుత్వం సబ్సిడీతో నడిపేవి. ఆస్పత్రికో పని మీదో వెళ్లాల్సిన మనిషికి సీటు దొరక్కుండా మనం ఎక్కడం న్యాయం కాదు. ఎక్కితే ఒక వైపుకే ఎక్కండి.

పఫిన్ల దీవి మిచినెస్: మొదటి రోజుల్లోనే పెట్టుకోండి

మ్యాప్‌లో పడమటి కొసన మైకినెస్ అని కనిపిస్తుంది, వాళ్లు పలికేది 'మిచినెస్' అని. వాగర్ దీవిలోని సోర్వాగుర్ నుంచి వేసవి నెలల్లో పడవ నడుస్తుంది, ముప్పావు గంట ప్రయాణం. అలలు పెద్దవైతే పడవ రద్దు. అందుకే దీన్ని చివరి రోజుకు వాయిదా వేయకండి. దిగిన మర్నాటికే టికెట్ బుక్ చేసి, రద్దయితే వాడుకోవడానికి ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. ఊళ్లో శీతాకాలంలో ఉండేది పదుల్లో కూడా లెక్కకు రానంత కొద్దిమంది. నడకకు రుసుము ఉంది. గట్లు జారిపోయో, పక్షుల కోసమో ఒక్కోసారి దారిలో కొంత భాగం మూసేస్తారు. మూసిన చోట ఆగిపోవాలి.

పఫిన్ అరకిలో బరువుండే పక్షి. నల్లటి వీపు, తెల్లటి రొమ్ము, ఎరుపు నారింజ రంగుల ముక్కు. ఆ రంగు వేసవికే, గూడు వదిలి సముద్రానికి పోయాక ముక్కు మీది రంగు పెచ్చులు రాలిపోతాయి. గడ్డి నేలలో బొరియ తవ్వి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. సుమారు 40 రోజులు ఆడ, మగ వంతులేసుకుని పొదుగుతాయి. పిల్ల పుట్టాక అసలు పరుగు మొదలవుతుంది. సముద్రం నుంచి తిరిగొచ్చే పఫిన్‌ను జాగ్రత్తగా చూడండి. ముక్కుకు అడ్డంగా వెండి తీగల్లాంటి సన్నటి చేపలు, మీసాల్లా రెండు వైపులా వేలాడుతుంటాయి. పట్టిన చేపను నాలుకతో పైదవడకు అదిమి ఉంచుతుంది. అక్కడి వెనక్కి వంగిన ముళ్లకు అది ఆనుకుని ఉంటుంది. అందుకే ఉన్నవి జారిపోకుండానే ఇంకో చేపను పట్టగలదు.

ఫొటో కోసం మీరు నిలబడింది దాని బొరియకు అడ్డమైతే, అది దిగదు. గాల్లో ఒక చుట్టు తిరుగుతుంది, ఇంకో చుట్టు తిరుగుతుంది, చివరికి చేపలతో సహా వెనక్కి పోతుంది. బొరియలో పిల్ల ఆ పూట పస్తు. పక్షి తల తిప్పి తిప్పి చూస్తూ తిరుగుతోందంటే మీరు తప్పు చోట ఉన్నారని లెక్క, వెంటనే పక్కకు జరగండి. దారి దిగి గడ్డి మీద నడిస్తే కాలి కింద బొరియ కూలిపోతుంది. ఇప్పటికే వాటికి తినే చిన్న చేపలు సరిగా దొరక్క పఫిన్లు బాగా తగ్గాయి. ఒక్క ఫొటో కోసం వాటికి ఇంకో కష్టం తేవద్దు.

ఫారోలో గానెట్లు గూడు కట్టేది ఈ ఒక్క దీవిలోనే. 1909 నాటి లైట్‌హౌస్ ఉన్న చిన్న దీవి దగ్గర తెల్లటి పెద్ద పక్షులు రెక్కలు ముడిచి నిలువునా సముద్రంలోకి దూకుతుంటే, అవే. ఇంకా సమయముంటే రాజధాని టోర్స్‌హావ్న్ ఎదురుగా ఉన్న నోల్సోయ్ దీవికి వెళ్లండి, పడవలో 20 నిమిషాలు. పిచ్చుక కంటే కాస్త పెద్దదైన స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షికి ప్రపంచంలోకెల్లా పెద్ద స్థావరం అదే. అవి రాత్రిపూటే గూటికి చేరతాయి కాబట్టి గైడ్‌తో రాత్రి వెళ్లాలి.

కొండ ఎక్కేముందు

ఈ దీవులు సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందట పారిన లావాతో ఏర్పడ్డాయి. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు మనకు కనిపించే నల్లటి బసాల్ట్ రాయి లాంటిదే ఇదీ. ఒక లావా పొర, దానిమీద మెత్తటి బూడిద పొర, మళ్లీ లావా. మెత్తటి పొరలు అరిగిపోయి కొండలన్నీ మెట్లు మెట్లుగా తయారయ్యాయి. ఎత్తయిన శిఖరం స్లట్టరటిందుర్ 880 మీటర్లే. కానీ సముద్రంలోకి తెగిపడే గట్లు భయంకరంగా ఉంటాయి, ఎన్నిబెర్గ్ 750 మీటర్ల పైన ఉంటుంది. తడి గడ్డి మీద కాలు జారితే పట్టుకోవడానికి చెట్టు కూడా ఉండదు. గాలి, గొర్రెలు కలిసి ఇక్కడ చెట్లను పెరగనివ్వవు.

నేలంతా ఎవరో ఒకరి మేత భూమి. 1298 నాటి 'గొర్రెల శాసనం' ఇప్పటికీ భద్రంగా ఉంది, దీవుల నుంచి మిగిలిన అతి పాత పత్రాల్లో అదొకటి. ఏడు వందల ఏళ్ల కిందటే గొర్రెల పెంపకానికి చట్టం రాసుకున్న జనం వీళ్లు. కాబట్టి గేటు తీస్తే వేయండి, మూసి ఉంటే మూసే ఉంచండి. కొన్ని దారులకు యజమానులు రుసుము తీసుకుంటారు, బేరాలు వద్దు. కుక్కలను చూసి గొర్రెలు బెదిరి గట్టు మీంచి పడిపోయే ప్రమాదం ఉంది.

పాత దారుల పొడవునా రాళ్లు పేర్చిన గుర్తులుంటాయి. పొగమంచు కమ్మితే ఒక గుర్తు దగ్గర నిలబడి, తర్వాతిది కనిపిస్తేనే కదలాలి. కనిపించకపోతే వెనక్కి తిరగాలి. సరదాకోసం ఆ రాళ్లను కదిలించడం, కొత్తగా పేర్చడం చేయొద్దు. తర్వాత వచ్చే మనిషి ప్రాణం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

మనుషులను కలవండి

'హైమాబ్లిద్ని' అని ఉంటుంది. అక్కడి కుటుంబాలు డబ్బు తీసుకుని తమ ఇంట్లోనే భోజనం పెడతాయి. రెండు రెస్టారెంట్ల ఖర్చు మానేసి ఇది ఒకటి పెట్టుకోండి. వాళ్ల ప్రత్యేకత స్కెర్పిచోట్. ఇంటి పక్కన చెక్క పలకల మధ్య సందులు వదిలి కట్టిన కొట్టంలో గొర్రె మాంసాన్ని వేలాడదీస్తారు. ఉప్పు వేయరు, పొగ పెట్టరు. నెలల తరబడి సముద్రపు గాలే ఎండబెడుతుంది. వాసన ఘాటు, మొదటిసారి అందరికీ నచ్చకపోవచ్చు. శాకాహారులైతే బుకింగ్ రోజే చెప్పండి. అక్కడ పండేవి బంగాళాదుంప, టర్నిప్, రూబార్బ్ లాంటివే, మిగతావన్నీ ఓడల్లో రావాలి.

భోజనాల దగ్గర మాటలు కలుస్తాయి. వాళ్ల భాషకు స్థిరమైన లిపి రూపం వచ్చింది 1846లో. అప్పటిదాకా వందల చరణాల వీరగాథలను నోటిమీదే, చేతులు పట్టుకుని గుండ్రంగా అడుగులేస్తూ పాడి నిలబెట్టుకున్నారు. జూలై 28, 29 తేదీల్లో ఓలావ్‌సోకా పండుగకు టోర్స్‌హావ్న్‌లో ఉంటే ఆ వలయంలో మీరూ చేయి కలపవచ్చు. చదువులకు బయటి దేశాలకు వెళ్లిన అమ్మాయిలు చాలామంది తిరిగి రాకపోవడంతో పెళ్లి సంబంధాలు దూరాల దాకా వెళ్లాయి. 2017 నాటికే థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన 300 మందికి పైగా మహిళలు అక్కడ కాపురాలు చేస్తున్నారు.

పైలట్ తిమింగలాల వేట గురించి మీరు విని ఉంటారు. తిమింగలాల మందను పడవలతో తీరానికి తోలి చంపి, మాంసాన్ని ఊళ్లో పంచుకుంటారు. నాకిది చూడలేని విషయం. 2021 సెప్టెంబరులో ఒక్క రోజే ఇలాగే 1,400కు పైగా డాల్ఫిన్లను చంపినప్పుడు ఫారోవాళ్లే ఎందరో బాధపడ్డారు. ఆ మాంసంలో పాదరసం ఎక్కువ కాబట్టి తినొద్దని 2008లో హెచ్చరించిందీ అక్కడి వైద్యాధికారులే. అడగాలనిపిస్తే అడగండి, కానీ వాళ్ల భోజనాల బల్ల దగ్గర తీర్పు చెప్పకండి. పంట పండని నేలలో తాతముత్తాతలు ఎలా బతికారో చెబుతారు, వినండి.

చివరి రోజు విమానాశ్రయం దగ్గరే

వాగర్ విమానాశ్రయం యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు కట్టింది. పొగమంచుకు విమానాలు ఆగిపోవడం మామూలే. కోపెన్‌హాగన్ నుంచి ఇండియా టికెట్ అదే రోజుకు పెట్టుకోకండి, మధ్యలో కనీసం ఒక రాత్రి వదలండి. చివరి రోజంతా వాగర్ దీవిలోనే గడపండి.

అక్కడి నుంచి కారులో కాసేపట్లో గాసదాలూర్ అనే ఊరు చేరుకోవచ్చు. గట్టు అంచు నుంచి ములాఫోసుర్ జలపాతం నేరుగా సముద్రంలో పడుతుంటుంది. ఫొటో తీసుకున్నాక చాలామంది కారెక్కి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఓపికుంటే, వాన లేకుంటే, పాత పోస్ట్‌మాన్ దారిలో కొంత దూరం ఎక్కండి. ఈ శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వేదాకా ఊరికి కారు దారి లేదు. పోస్ట్‌మాన్ వారానికి మూడుసార్లు ఈ కొండ దాటి ఉత్తరాలు మోసుకొచ్చేవాడు.

ఇంకా చాలా ముందు కాలంలో ఊళ్లో శ్మశానం కూడా ఉండేది కాదు. ఎవరైనా పోతే శవపేటికను భుజాన ఎత్తుకుని ఈ నిటారు దారిలోనే పక్క ఊరు బోవుర్‌కు తీసుకెళ్లేవారు. దారిలో పేటికను దించి ఊపిరి తీసుకునే చోటు ఒక్కటే, ఒక బల్లపరుపు రాయి. దాని పేరు లీక్‌స్టైనురిన్, శవపు రాయి. మన దింపుడు కళ్లం గుర్తొస్తుంది. మనం అక్కడ పోయినవాళ్లను చెవిలో పేరు పెట్టి చివరిసారి పిలుస్తాం, వాళ్లు అక్కడ భుజాలు మార్చుకునేవారు. ఆ రాయి ఇప్పటికీ దారి పక్కనే ఉంది. దాని మీద కూర్చోకుండా, పక్కన నిలబడి కిందికి చూస్తే సముద్రం అవతల మిచినెస్ కనిపిస్తుంది.