బార్టన్ క్రీక్‌లో ఫ్లై ఫిషింగ్: దూరం విసరక్కర్లేదు

ఆస్టిన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఫ్లై ఫిషింగ్ అనగానే అడిగేది, ఎంత దూరం విసరాలని. ఊళ్లోని బార్టన్ క్రీక్ వాగులో పాతిక అడుగులు చాలు. అక్కడ ముందు నేర్చుకోవాల్సింది నడక. అడుగున సున్నపురాయి కనిపించేంత తేట నీళ్లు, మనం చేపను చూసేలోపే అది మనల్ని చూసేస్తుంది. చేపలు ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి దిగువ నుంచి ఎగువకు నడవండి. మడుగు దగ్గర నిలబడకండి, మోకాళ్ల మీద కూర్చోండి. మీ నీడ నీళ్ల మీద పడకూడదు.

మన ఊళ్లల్లో గాలం వేసినవాళ్లకు ఒక తేడా చెప్పాలి. అక్కడ ఎర, సీసం బరువుకి దారం వెళ్తుంది. ఇక్కడ ఫ్లైకి, అంటే హుక్‌కి ఈకలు, దారాలు చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగుకి, బరువుండదు, లావుపాటి లైనే దాన్ని మోసుకెళ్తుంది. ఫోర్ వెయిట్ రాడ్ (తేలికరకం కర్ర), నీళ్ల మీద తేలే ఫ్లోటింగ్ లైన్, దాని చివర ఫ్లై కట్టే సన్నని దారం, అంటే లీడర్, ఏడున్నర అడుగులది సరిపోతాయి. ఖరీదైన రీల్ మీద డబ్బు పెట్టకండి, ఈ సైజు చేపలకు లైన్ చేత్తోనే లాగుతాం. పదో నంబరు సైజు పాపర్లు (నీటి మీద తేలే ఫ్లైలు), నల్ల ఊలీ బగ్గర్లు (మునిగే ఫ్లైలు) కొన్ని కొనండి. ఈ వాగులో దొరికే చిన్న చేప సన్‌ఫిష్ నోరు చిన్నది, పెద్ద ఫ్లై పట్టదు.

వెనకంతా చెట్లే, కాబట్టి లైన్‌ని వెనక్కి విసరకుండా ముందుకే వేసే రోల్ కాస్ట్ తప్పదు. రాడ్‌ని నెమ్మదిగా వెనక్కి తెచ్చి, లైన్ భుజం పక్కన వేలాడేదాకా ఆగండి. అప్పుడు ముందుకు కొట్టి టక్కున ఆపండి.

పాపర్ పడగానే లాగాలనిపిస్తుంది. లాగకండి! అది లేపిన అలలు పూర్తిగా సర్దుకోనివ్వండి. తర్వాత ఒక్క చిన్న కుదుపు, మళ్లీ ఆగడం. సన్‌ఫిష్ చాలాసార్లు కదలని పాపర్‌నే అందుకుంటుంది. చేప ఫ్లైని నోట పట్టగానే రాడ్ పైకెత్తకుండా ఎడమ చేత్తో లైన్ లాగండి. తప్పినా ఫ్లై నీళ్లలోనే ఉంటుంది, అదే చేప మళ్లీ రావచ్చు.

వేగంగా పారే నీరు, రాయి చాటు నిలకడ నీరు కలిసే గీత మీద ఊలీ బగ్గర్ వేయండి. గ్వాడలూప్ బాస్ ఉండేది అక్కడే. టెక్సస్‌లో తప్ప మరెక్కడా సహజంగా పుట్టని చేప, 1989 నుంచి రాష్ట్ర చేప. ఈ వాగులో అడుగు పొడవుంటే చాలా పెద్దది కింద లెక్క. నాకు దాని మీద ప్రాణం, ఒక్కదాన్ని కూడా ఇంటికి తేను. హుక్ మొన దగ్గరుండే ఎదురు ముల్లును ముందే ప్లయర్‌తో నొక్కేయండి, చేతులు తడుపుకున్నాకే చేపను పట్టుకోండి.

17 ఏళ్లు నిండితే లైసెన్స్ కావాలి. ఎగువన వాన పడుతుంటే వాగులో దిగకండి, వరద నిమిషాల్లో వస్తుంది. వసంతంలో గులకరాళ్ల మీద పళ్లెంలాంటి గుంటలు కనిపిస్తే అవి సన్‌ఫిష్ గూళ్లు, పక్కనుంచి నడవండి. ఎండాకాలం నీళ్లు భూమిలోకి ఇంకిపోయి మడుగులే మిగులుతాయి. వాటిలో చిక్కుకున్న చేపల జోలికి వెళ్లొద్దు, వాన పడి వాగు పారేదాకా ఆగండి.