మల్టీబూట్ పాఠాలు – 4: పాత గ్రబ్‌ను ఉంచుకోవాలా, గ్రబ్ 2కు మారాలా?

ఈ వారం బూట్‌లోడర్‌ను, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెరిచే గ్రబ్ వంటి ప్రోగ్రామ్‌ను, ఎంచుకునే పద్ధతి గురించి మాత్రమే చెప్పాలనుకున్నాను. అయితే పాత గ్రబ్ మెనూను గ్రబ్ 2లోకి ఎక్కించే మూడవ పాఠం చేసినవారిలో పలువురు, డెబియన్ లినక్స్‌లోని టెస్టింగ్ రూపం తెరుచుకుంటోంది గానీ వైఫై, శబ్దం రెండూ పోయాయని రాశారు కనుక ముందు దానిని సరిచేసుకుందాం.

మన కంప్యూటర్‌లో ఎస్‌డీఏ1లో (లినక్స్ పేర్లలో ‘ఎస్‌డీఏ’ మొదటి డిస్కు, అంకె పార్టిషన్‌ది) విండోస్, ఎస్‌డీఏ5లో డెబియన్ స్టేబుల్, ఎస్‌డీఏ6లో టెస్టింగ్ ఉన్నాయి. పాత గ్రబ్, అంటే 0.97, డిస్కులనూ పార్టిషన్లనూ సున్నా నుంచే లెక్కిస్తుంది. అందువల్ల ఎస్‌డీఏ6 దానికి హెచ్‌డీ0,5 అవుతుంది. గ్రబ్ 2 డిస్కులను సున్నా నుంచి, పార్టిషన్లను మాత్రం 1 నుంచి లెక్కిస్తుంది. కాబట్టి అదే హెచ్‌డీ0,5 దానికి ఎస్‌డీఏ5. పాత మెనూలోని అంకెను, గ్రబ్ 2లో సొంత మెనూ వరుసలు రాసుకునే 40_కస్టమ్ ఫైలులోకి యథాతథంగా ఎక్కించినవారు నిజానికి స్టేబుల్ పార్టిషన్‌ను చూపారు. లేని పార్టిషన్‌ను చూపి ఉంటే గ్రబ్ ఆ సంగతి చెప్పి ఆగిపోయేది. కానీ రెండు డెబియన్లలోనూ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగాన్ని) చూపే వీఎంలినజ్ అనే లింకు ఒకే చోట ఉంటుంది, కెర్నెల్ పూర్తి పేరు రాయకుండా ఆ లింకునే వాడమని చెప్పినది నేనే. దానితో కెర్నెల్ స్టేబుల్ నుంచి వచ్చింది; లినక్స్ వరుసలోని రూట్=/డెవ్/ఎస్‌డీఏ6 వల్ల ఫైల్ సిస్టమ్ టెస్టింగ్‌ది అయింది; ఆ కెర్నెల్‌కు తగిన మాడ్యూళ్లు (హార్డ్‌వేర్‌ను నడిపే భాగాలు) అక్కడ లేకపోవడంతో వైఫై, శబ్దం పలకలేదు. యూనేమ్ -ఆర్ ఆదేశం ఇస్తే ఏ కెర్నెల్ నడుస్తోందో తెలుస్తుంది. రూట్= తరువాత ఉన్న పేరు కెర్నెల్ చదువుకునేది, గ్రబ్ లెక్కతో దానికి సంబంధం లేదు; దానిని ముట్టుకోకండి.

విండోస్‌కు హెచ్‌డీ0,0 స్థానంలో హెచ్‌డీ0,1 రాయాలి. రెండవ డిస్కులోని ఎస్‌డీబీ3 పాత లెక్కలో హెచ్‌డీ1,2, కొత్త లెక్కలో హెచ్‌డీ1,3. కొందరు రెండు అంకెలనూ పెంచి హెచ్‌డీ2,3 అని రాశారు. అది మూడవ డిస్కు అవుతుంది. నేనైతే అంకెల జోలికి పోకుండా, బీఎల్‌కేఐడీ ఆదేశం చూపే యూయూఐడీని (ప్రతి పార్టిషన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తును) మెనూలోని సెర్చ్ వరుసలో ఇస్తాను.

ఇక ఎంపిక విషయం. యూఈఎఫ్ఐతో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌తో) బూటయ్యే యంత్రమైనా, జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) ఉన్న డిస్కయినా గ్రబ్ 2కే మారాలి, మూలరూపంలోని 0.97 వాటిని ఎరుగదు. పాత బయోస్, ఎంబీఆర్ (పాత తరహా పార్టిషన్ పట్టిక) డిస్కు, ఏళ్లుగా పనిచేస్తున్న మెనూ ఉంటే పాతదానిని తీసేయనక్కరలేదు: ఎంబీఆర్‌లో, అంటే డిస్కు మొదటి సెక్టర్‌లో, గ్రబ్ 2 పెట్టి, 0.97ను దాని పార్టిషన్ బూట్ సెక్టర్‌లో ఉంచి, చెయిన్‌లోడర్ +1తో (ఒక బూట్‌లోడర్ నుంచి మరొకదాన్ని తెరిచే ఆదేశంతో) పిలవడం నాకు నచ్చిన ఏర్పాటు. అయితే ఆ పార్టిషన్‌ను కొత్తగా ఫార్మాట్ చేస్తే ఐనోడ్ (ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ఫైలు వివరాలు దాచే చోటు) పరిమాణం 256 బైట్లు కావచ్చు. ప్యాచ్ లేని 0.97 దానిని చదవలేదు.

అభ్యాసం: గ్రబ్ 2 మెనూలో సీ నొక్కి, ఎల్ఎస్‌తో ప్రతి పార్టిషన్ లోపల ఏముందో చూసి, దాని పాత పేరు, కొత్త పేరు, లినక్స్ పేరు కాగితంపై పక్కపక్కన రాయండి. తరువాత మెనూను వాడకుండా సెట్ రూట్, లినక్స్, ఇనిట్‌ఆర్‌డీ, బూట్ వరుసలను చేత్తో టైపు చేసి రెండు డెబియన్లనూ తెరవండి. తెరిచిన ప్రతిసారీ యూనేమ్ -ఆర్ ఫలితాన్ని అదే కాగితంపై రాయండి.