డోల్చే వియా మీద గ్రావెల్ సైకిల్ ఎక్కే ముందు జాగ్రత్తలు

ఫ్రాన్స్‌లోని ఆర్దెష్ కొండల్లో, ఎయిరియూ లోయ వెంట పాత రైలుమార్గాన్నే సైకిల్ బాటగా మార్చారు, దాని పేరే డోల్చే వియా. గ్రావెల్ సైకిల్ అంటే కంకర, మట్టి దారుల మీద కూడా తొక్కగలిగే సైకిల్. చాలా దూరం కార్ల టెన్షన్ ఉండదు, కానీ రోడ్డు దాటే చోట్ల ఆగి చూడాలి.

- లా వూల్త్ ఊరి నుంచి సెంత్ అగ్రేవ్ ఊరి వైపు వెళ్తే ఎత్తు ఎక్కుడే. చివరి భాగానికి ఓపిక మిగుల్చుకోండి.
- 40 మి.మీ. వెడల్పు టైర్లు హాయి. బ్రేకులు తప్పక చూడండి.
- సొరంగాలున్నాయి, లైటు పెట్టుకోండి.
- నీళ్లు నిండుగా తీసుకెళ్లండి. కుళాయి మీద 'నాన్ పొతాబ్ల్' అని ఉంటే తాగకూడదు. పల్లె దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం మరీ కష్టం. తిండి ముందే కొనుక్కోండి.
- సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట కాలం. మెరిసే రంగు బట్టలు వేసుకోండి, అడవి దారుల్లోకి మళ్లకండి.
- అత్యవసరమైతే 112.