కాంజుగేట్ వెక్టర్ స్పేస్ కొత్తవాళ్లకు చెప్పాలంటే బోరు మోటారు దగ్గర మొదలుపెట్టండి

నల్లగొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ పిల్లలకు ట్యూషన్ చెప్తూ ఈ టాపిక్ దగ్గర చాలాసార్లు బోల్తా పడ్డాను. వచ్చీరాగానే బోర్డు మీద డెఫినిషన్ రాసేయడమే నా తప్పు. ఇప్పుడు ముందు ఒకటే అడుగుతున్నా: త్రీ ఫేజ్ మోటారుకు మూడు వైర్లలో ఏవైనా రెండు అటుదిటు అయితే ఏమవుతది? బోరు బాధలు తెలియని ఇల్లు మా దగ్గర తక్కువ, అందుకే వెనక బెంచీ నుంచే జవాబొస్తది, ‘ఉల్టా తిరుగుతది సార్, నీళ్లు సరిగ్గ పోయవు’ అని. మోటారు అదే, బోరు అదే, తిరిగే దిక్కు ఒక్కటే మారింది.

ఇక లెక్కలోకి రండి. కాంప్లెక్స్ ప్లేన్‌లో ఐతో (మైనస్ 1కి వర్గమూలం) గుణించడమంటే గడియారం ముల్లుకు ఎదురుగా 90 డిగ్రీలు తిప్పడం. వి అనే కాంప్లెక్స్ వెక్టర్ స్పేస్ (వెక్టర్లను కూడటం, కాంప్లెక్స్ నంబర్లతో గుణించడం కుదిరే చోటు) తీసుకుని అందులో వెక్టర్లను అలాగే ఉంచండి, కూడికనూ ముట్టుకోవద్దు. ‘ఐతో గుణించు’ అంటే మాత్రం మైనస్ ఐతో గుణించండి, 2+3ఐ అంటే 2−3ఐతో. ఇదే వి బార్, అంటే వికి కాంజుగేట్ వెక్టర్ స్పేస్. రియల్ నంబర్లకు తేడా రాదు: మైనస్ 1 అంటే సగం చుట్టు, ఎటు తిప్పినా అక్కడికే చేరుతాం.

అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. (1, ఐ) అనే వెక్టర్ ఇచ్చి వి బార్‌లో ఐతో గుణించమంటే, సగం మంది ముందు వెక్టర్‌నే (1, −ఐ)గా మార్చేస్తారు. వెక్టర్‌ను మార్చమని ఎవరూ చెప్పలేదు! దాన్ని అలాగే ఉంచి మైనస్ ఐతో గుణిస్తే (−ఐ, 1) వస్తుంది, పాత పద్ధతిలో అయితే (ఐ, −1). లోపలి ఎంట్రీలకు కాంజుగేట్ తీయడం (ఐ ముందు గుర్తు మార్చడం) వేరే పని, అది వి బార్ నుంచి వికి పోయే లీనియర్ మ్యాప్ (కూడికనూ, నంబర్లతో గుణించడాన్నీ చెడగొట్టని మ్యాప్), పైగా బేసిస్ (వెక్టర్లన్నిటినీ కొలిచే మూల వెక్టర్లు) మారిస్తే ఆ మ్యాపూ మారొచ్చు. డైమెన్షన్ ఒకటే కాబట్టి రెండూ ఐసోమార్ఫిక్కే (నిర్మాణం ఒకటే), కానీ బేసిస్ లాంటిదేదో ఎంచుకోకుండా తనంతట తాను వచ్చే ఐసోమార్ఫిజం లేదు.

‘ఇదంతా ఎందుకు సార్?’ అంటారు, అడగాల్సిందే. ఇన్నర్ ప్రొడక్ట్‌లో ఒక స్లాట్ నుంచి ఐ బయటికొస్తే మైనస్ ఐ అవుతుంది కదా (మ్యాథ్స్‌లో ఎక్కువగా రెండోది, ఫిజిక్స్ వాళ్లకు మొదటిది, ఆ గొడవ పిల్లలకు ముందే చెప్పేయండి). అలాంటి యాంటీలీనియర్ మ్యాప్‌ను వి బార్ నుంచి మొదలైనట్టు చూస్తే మామూలు లీనియర్ మ్యాప్ అయిపోతుంది, తెలిసిన థియరమ్‌లన్నీ మళ్లీ పనికొస్తాయి.

అర్థమైందో లేదో చూడాలంటే ఇదొక్కటి అడగండి: వి మీద ఒక ఆపరేటర్‌కు ఒక వెక్టర్ మీద ఐగన్ వాల్యూ (ఆ వెక్టర్‌ను ఎన్ని రెట్లు చేస్తుందో ఆ నంబర్) 2+3ఐ, అదే ఆపరేటర్‌కు, అదే వెక్టర్ మీద, వి బార్‌లో ఎంత? ఆపరేటర్ ముట్టుకోలేదు, వెక్టర్ ముట్టుకోలేదు, అయినా 2−3ఐ అని చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగితే తర్వాతి చాప్టర్‌కు పోవచ్చు.