తెలియని వీడియో తెరిచే ముందు జాగ్రత్తలు

– ముందుగా ప్లేయర్ వెర్షన్ చూడండి. వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో హెల్ప్ మెనూలోని అబౌట్ నొక్కితే కనిపిస్తుంది. 3.0.6 లేదా అంతకంటే పాతదైతే ఫైలు ముట్టుకోకండి. అందులో ఎంకేవీ (ఒక రకం వీడియో ఫైలు) ఫైళ్లను చదివే భాగం ఒకసారి వదిలేసిన మెమరీనే మళ్లీ వదిలేసేది. దాన్ని ఆసరా చేసుకుని, పనిగట్టుకుని తయారుచేసిన వీడియో ప్లేయర్‌ను కుప్పకూల్చగలదు. మీ అనుమతులతోనే వేరే కోడ్ నడిచే ప్రమాదమూ ఉంది. 2019 జూన్‌లో 3.0.7తో సరిచేశారు. తర్వాత కూడా లోపాలు బయటపడ్డాయి, కాబట్టి తాజా వెర్షనే వేసుకోండి.

– వీఎల్‌సీని, దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థ సొంత సైటు నుంచే దించుకోండి.

– పెళ్లి వీడియో అంటూ బంధువుల పేరుతో వచ్చినా, ఫోను చేసి అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

– కంప్యూటర్‌పై పూర్తి అధికారాలుండే అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో తెరవకండి.

– తెరవగానే ప్లేయర్ మూతపడిందా? దయచేసి రెండోసారి నొక్కకండి.