మీ ఊళ్లో లేఅవుట్ వేస్తామంటున్నారా? ముందు నీళ్ల దారి చూడండి

ఊరి పక్క వరిచేను వెంచర్ కాబోతోందంటే అందరూ మొదట అడిగేది సెంటు ఎంత అని. గోదావరి డెల్టాలో అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: ఈ చేలో పడ్డ వాన ఇప్పుడు ఏ దారిన పోతోంది, మెరక చేశాక ఏ దారిన పోతుంది? మీరు పక్క చేను రైతైనా, వార్డు మెంబరైనా, ప్లాటు కొనేవాళ్లైనా పరిశీలన ఇక్కడే మొదలుపెట్టండి. ఆర్చి గేటు, పార్కు బొమ్మలు తర్వాత చూసుకోవచ్చు.

మొదట లెవెల్స్ వేసిన ప్లాను అడగండి. రంగుల బ్రోచరు కాదు. ఇప్పుడున్న నేల మట్టం, మెరక చేశాక వచ్చే మట్టం, రోడ్డు మట్టం, నీళ్లు వదిలే చోట మురుగు కాలువ అడుగు మట్టం, ఈ నాలుగూ అందులో ఉండాలి. ఒక మెలిక కూడా ఉంది. చాలా ప్లాన్లలో సర్వేయరు దగ్గర్లోని ఏదో తూము పలకనో మైలురాయినో 100.000 మీటర్ల ఎత్తు అనుకుని అక్కణ్ణుంచి లెక్క కడతాడు. లేఅవుట్ లోపలి పనికి అది సరిపోతుంది గానీ, డ్రెయిన్‌లో వరద మట్టం సముద్ర మట్టం నుంచి లెక్కేస్తారు కాబట్టి రెండింటినీ పోల్చలేం. రెండూ ఒకే లెక్కలోకి తెచ్చి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ప్లాను మీద నమ్మకం లేకపోతే తాపీమేస్త్రి దగ్గరుండే లెవెల్ పైపు తీసుకెళ్లి రోడ్డుకీ చేనుకీ పక్క చేనుకీ ఎంత తేడా ఉందో మీరే చూసుకోండి, ఒక పూట పని.

ఇక మెరక. 5 ఎకరాలు 3 అడుగులు లేపాలంటే సుమారు ఆరున్నర వేల యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) మట్టి కావాలి, అది కూడా దిమ్మిస్తే తగ్గేది లెక్కేయకుండా. అంత మట్టి ఎక్కణ్ణుంచి తెస్తున్నారో అడగండి. లంక మట్టా, బుసకా (ఇసక నేల మట్టి), రొయ్యల చెరువు తవ్విన మట్టా? సముద్రం దగ్గరి చెరువు మట్టైతే ఉప్పు ఉండొచ్చు, వానకి ఆ ఉప్పు కరిగి పక్క చేలోకి దిగుతుంది. పొరలు పొరలుగా పోసి రోలర్ తొక్కిస్తున్నారా, లేక టిప్పర్లతో పోసి పైపైన చదును చేస్తున్నారా అన్నది ప్లాటు కొనేవాళ్లకి మరీ ముఖ్యం. కింద ఉన్నది జిగురు మట్టి, దిగుతుంది.

అసలు సంగతి మురుగు దగ్గరే. ధవళేశ్వరం నుంచి వచ్చే పంట కాలువలు మెరక పట్టుకుని పోతాయి, మురుగు కాలువలు పల్లం పట్టుకుని పోతాయి. డెల్టా అంతా ఈ జంట లెక్క మీదే నడుస్తోంది. లేఅవుట్ వాళ్లకి మాత్రం ఏది దగ్గరుంటే అదే డ్రెయిన్! ప్లానులో బాణం గుర్తు చూపిస్తున్నది పంట బోదె (చిన్న కాలువ) వైపా, మురుగు బోదె వైపా అన్నది చేనులోకి దిగి చూడాల్సిందే. పంట బోదెలోకి వదిలితే ఆ నీళ్లే కింది ఊరి మంచినీటి చెరువుకీ పోవచ్చు. ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల రెవెన్యూ పటం) తీయించి, అందులో ఉన్న బోదెలు, పుంతలు (బండి దారులు) కొత్త ప్లానులో ఏమయ్యాయో ఒక్కొక్కటీ పోల్చండి. మాయమైపోయినవి ఉంటే సర్వే నంబరుతో సహా రాసుకోండి.

వాలు కూడా చూడండి. పైపు డ్రెయిన్‌కి వెయ్యికి ఒకటి వాలు వేసుకున్నా 300 మీటర్ల పొడవుకి అడుగు తేడా కావాలి. ఆ అడుగు ఉందా? ఉన్నా, యనమదుర్రు, తుల్యభాగ, కౌశిక లాంటి డ్రెయిన్లు నిండుగా పారే రోజుల్లో ఏమవుతుంది? సముద్రం దగ్గర్లోనైతే పోటు మీద నీళ్లు ఎదురు తంతాయి, పాటు వచ్చేదాకా బయటికి పోవు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు వచ్చి "చూడండి, చుక్క నీరు లేదు" అంటే నమ్మొద్దు. అక్టోబరు, నవంబరుల్లో, వీలైతే అమావాస్య, పౌర్ణమి పోటు సమయంలో చూసి ఫొటోలు తీయండి. తేదీ, గంట కూడా రాసుకోండి.

చిన్న లెక్క: ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీళ్లు. వరిచేను గట్ల మధ్య అందులో చాలా భాగాన్ని కాసేపు ఆపి మెల్లగా వదులుతుంది. సిమెంటు రోడ్లు, డాబాలు వచ్చాక ఆ నీళ్లు గంటల్లో బోదె మీద పడతాయి. లేఅవుట్‌లో ఎలాగూ పది శాతం ఖాళీ జాగా వదలాలి కాబట్టి అందులో కొంత పల్లంగా ఉంచి నీటిగుంట చేయమనడం న్యాయమైన కోరికే. దాని గురించి అడిగితే బ్రోకరు "ఆయ్, అలాగేనండి" అంటాడు. ప్లానులో గీయమనండి.

జీవాల సంగతి. 50 హెక్టార్లు దాటని, పెద్ద భవనాలు లేని ప్లాట్ల లేఅవుట్‌కి సాధారణంగా పర్యావరణ అనుమతి అక్కర్లేదు, కాబట్టి ఎవరూ అడగరు, మీరే చూడాలి. తెల్లారగట్ల ఒకసారి, మునిమాపు వేళ ఒకసారి తిరగండి. గిజిగాడి గూళ్లున్న తాడిచెట్లు, తుంగా కిక్కిసా ఉన్న మడుగులు, కొర్రమీనులు చేలోకి ఎక్కే తూములు గుర్తించండి. మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టేవాళ్లని అడిగితే ఏ తూము మూస్తే చేప ఆగిపోతుందో వాళ్లే చెబుతారు. శీతాకాలం పక్షుల కోసం మళ్లీ ఒకసారి వెళ్లాలి. స్థలం కొల్లేరు వైపుంటే అభయారణ్యం ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలా బయటా తేల్చుకోండి. కోరంగి వైపు డ్రెయిన్లు మడ అడవుల పాయల్లో కలుస్తాయి, అక్కడ బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ ఉంటే చుట్టూ 50 మీటర్లు వదలాలని సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నియమం. అంతర్వేది లాంటి తీరాల్లోనైతే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో వీధి దీపాల వెలుగు ఇసుక మీద పడకూడదు, దాన్నీ షరతుగా రాయించాలి.

అభ్యంతరం రాసేటప్పుడు "ముంపు వస్తుంది" అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తారు. ఫలానా సర్వే నంబరులో బోదె మూసేస్తున్నారు, ఫలానా తూము అడుగు మట్టం ఇంత, మీ పైపు దానికంటే ఇంత కిందికి ఉంది, ఇలా రాయండి. ఆపేయమనడం కంటే తూము ఇంత వెడల్పు ఉంచండి, బోదె పోరంబోకు వదలండి, పూడిక ఎవరు తీయాలో రాసివ్వండి అంటే పని జరుగుతుంది. కాపీలు పంచాయతీకి, లేఅవుట్ మంజూరు చేసే ఆఫీసుకి, డ్రెయిన్ల ఇంజినీరుకి ఇచ్చి రసీదు తీసుకోండి. మట్టి టిప్పర్లు దిగకముందే ఇవ్వండి.