జాయ్‌స్టిక్ వదిలేసినా విమానం ఒరిగిపోతుంటే

ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్‌లో స్టిక్ మీద నుంచి చెయ్యి తీసేసినా విమానం మెల్లగా ఓ పక్కకి ఒరుగుతూనే ఉంటుందా? కొత్తది కొనేముందు ఇది చూడండి.

విండోస్ సెర్చ్‌లో 'యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్' తెరిచి, ప్రాపర్టీస్‌లో టెస్ట్ పేజీకి వెళ్లండి. స్టిక్‌ని అన్ని వైపులా తిప్పి వదిలేయండి, ఓ పదిసార్లు. తెరమీది చిన్న ప్లస్ గుర్తు ఎక్కడ ఆగుతోందో గమనించండి. ఎప్పుడూ ఒకే చోట పక్కకి ఆగితే కాలిబ్రేట్ చేస్తే (అంటే స్టిక్ మధ్య స్థానం ఏదో విండోస్‌కి మళ్లీ చెబితే) సరి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటేనే సిమ్యులేటర్‌లో డెడ్‌జోన్ (మధ్యలో స్టిక్ కాస్త కదిలినా పట్టించుకోని భాగం) పెట్టాలి. 2 శాతంతో మొదలుపెట్టి, ఒరగడం ఆగేదాకా ఒక్కో శాతం పెంచండి. నేను 5 దాటనివ్వను, దాటితే ల్యాండింగ్‌లో చిన్న చిన్న సర్దుబాట్లు చేతికి అందవు. స్టిక్‌ని మెలితిప్పి విమానం ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్‌కి ఇంకాస్త పడుతుంది. ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్‌కి మధ్యలో డెడ్‌జోన్ మామూలుగా అక్కర్లేదు.

(ఒంటి ఇంజిన్ ప్రొపెల్లర్ విమానం ఫుల్ పవర్‌లో పక్కకి లాగడం మామూలే, అది స్టిక్ తప్పు కాదు.)

ముట్టుకోకుండానే ప్లస్ ఎగిరెగిరి పడుతుంటే మాత్రం లోపల స్టిక్ కదలికని కొలిచే పొటెన్షియోమీటర్ అరిగిందనో, దుమ్ము పట్టిందనో అనుమానించాలి. డెడ్‌జోన్ ఎంత పెంచినా దానికి పనిచేయదు.